అరికాల్లో ఊట

శ్రోతలకు నమస్కారం.

ఈ మాటలు నిలబడి వింటున్నవాళ్లు ఒక్క క్షణం మీ అరికాళ్లను గమనించండి. బరువంతా మడమల మీద ఉందా, వేళ్ల మీద ఉందా? వెంటనే చెప్పడం కష్టమే. రోజంతా మోసేవి అవే అయినా మన ధ్యాస మాత్రం వాటి మీద ఉండదు. చైనా వాళ్ల చీగొంగ్‌లో, అంటే ఊపిరినీ భంగిమనూ ధ్యాసనూ కలిపి చేసే సాధనలో, నేల నుంచి యిన్ శక్తిని గ్రహించడం అనే పద్ధతి ఒకటుంది. అది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

చీగొంగ్ అన్న పేరు బాగా వ్యాప్తిలోకి వచ్చింది 1950లలోనే. సాధన మాత్రం చాలా పాతది. చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట 1973లో ఒక సమాధిని తవ్వితే పట్టుగుడ్డ మీద వేసిన బొమ్మలు బయటపడ్డాయి. మొత్తం 44 మంది, ఆడా మగా, ఒకరు వంగుతూ, ఒకరు చేతులు చాస్తూ రకరకాల భంగిమల్లో ఉన్నారు. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో.

యిన్ అనే మాటకు మొదటి అర్థం కొండకు నీడ పడే వైపు. ఎండ పడే వైపు యాంగ్. ఇందులో మంచీ చెడూ లేవు. పొద్దు తిరిగితే నీడా తిరుగుతుంది. ఆకాశం యాంగ్, నేల యిన్. చల్లదనం, నిదానం, ఎంత బరువైనా ఓర్చుకునే గుణం నేలవి.

చైనా వైద్యం లెక్క ప్రకారం ఒక్కో కాల్లో ఆరు శక్తి మార్గాలుంటాయి. మూడు యాంగ్ మార్గాలు తల నుంచి పాదాలకు దిగుతాయి. కాలేయం, ప్లీహం, మూత్రపిండాల పేర్లున్న మూడు యిన్ మార్గాలు పాదాల నుంచి, కాలి లోపలి వైపుగా పైకి ఎక్కుతాయి. మూత్రపిండాల మార్గంలో మొదటి బిందువు అరికాల్లోనే ఉంది. కాలివేళ్లు ముడిస్తే పాదం ముందు భాగంలో చిన్న గుంట పడుతుంది చూడండి, అదే. దాని పేరు యొంగ్‌చ్వాన్, అంటే ఉబికే ఊట. ఈ పేరు పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్లకు నా దండం.

చేసే పద్ధతి తేలికే. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త సడలించి, చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు పట్టి నిలబడాలి. ఊపిరి పీల్చేటప్పుడు ఆ ఊట నుంచి చల్లదనం కాళ్ల లోపలి వైపుగా ఎక్కి, బొడ్డు కింద చేరుతున్నట్టు భావించాలి. వదిలేటప్పుడు ఒళ్లంతా వదులు చేసేయాలి. ఇలా కదలకుండా నిలబడే సాధనను 20వ శతాబ్దంలో జనంలోకి తెచ్చినవాళ్లలో వాంగ్ షియాంగ్‌జాయ్ ముఖ్యుడు. ఆయన యుద్ధవిద్య గురువు! కొట్లాట నేర్పే మనిషి శిష్యులను ముందు ఊరికే నిలబెట్టాడు.

నేను మొదటిసారి నిలబడ్డప్పుడు నాలుగో నిమిషానికే తొడలు వణికాయి. చల్లదనం మాట దేవుడెరుగు, చెమటలు పట్టాయి. చాలా రోజులకు గానీ తప్పు తెలియలేదు. నేల నుంచి ఏదో లాగేయాలన్న ఆత్రంలో భుజాలు పైకి ఎత్తి, పళ్లు బిగబట్టి నిలబడుతున్నాను. బరువును ముందు కిందికి వదిలితేనే గదా పైకి వచ్చేదానికి చోటుండేది! పైన ఖాళీ, కింద నిండు అని చైనా సాధకులు చెప్పేది దీన్నే. టెన్షన్‌తో తల వేడెక్కిపోయిందని మనం అంటుంటామే, అది దీనికి సరిగ్గా తలకిందులు.

ఈ శక్తిని ఇంతవరకు ఏ పరికరమూ కొలవలేదు. నేలలోంచి నిజంగా ఏదో ఎక్కుతుందని నేను చెప్పను. ఊపిరి నిదానించడం, ధ్యాస పాదాల్లోకి దిగడం మాత్రం నా అనుభవం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. కళ్లు తిరిగితే కూర్చోండి. వాడుతున్న మందులు మానకండి.

ఇంకో సంగతి. నేల శక్తి అనగానే మనకు మంచు పడ్డ గడ్డి మీద ఉత్త కాళ్లతో నడవాలనిపిస్తుంది. చైనాలో పెద్దవాళ్లు దానికి ఒప్పుకోరు. చలి పాదాల నుంచే ఎక్కుతుందని వాళ్ల సామెత. పార్కుల్లో సాధన చేసే ముసలివాళ్ల కాళ్లకు గుడ్డ బూట్లుంటాయి.

మూత్రపిండాల మార్గంలో శక్తి బాగా పారే వేళ అని వాళ్లు చెప్పేది సాయంత్రం 5 నుంచి 7 దాకా. ఇప్పుడు 6 దాటింది. ఇంకా కొంచెం టైముంది.