ఫిట్‌నెస్‌కు రాత పరీక్ష ఎందుకండీ?

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఫిజికల్ డైరెక్టర్‌ను మైకు ముందుకు పిలిచారంటే మామూలుగా అది బహుమతుల పంపిణీ సభ అయి ఉంటుంది. ఈసారి సిలబస్ గురించి మాట్లాడమన్నారు. సంతోషం.

యూనివర్సిటీ చదువులకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు కొత్త క్రెడిట్ విధానం ప్రకటించింది. అందులో యోగా, ఆటలు, ఫిట్‌నెస్‌కు వాల్యూ యాడెడ్ కోర్సుల కింద, అంటే ప్రధాన సబ్జెక్టులతో పాటు చదివే కోర్సుల కింద, చోటు దొరికింది. క్రెడిట్ అంటే చదువును గంటల్లో లెక్కగట్టే కొలత. క్లాసులో పాఠమైతే ఒక క్రెడిట్‌కు 15 గంటలు, బయట చేసే పనైతే 30 గంటలు. కాగితం మీద బాగానే ఉంది. కాలేజీకి వచ్చేసరికి ఏమవుతోంది? చాలా చోట్ల ఆ గంటలు కూడా గదిలోకే వచ్చి కూర్చుంటాయి. 'ఫిట్‌నెస్ అనగానేమి? దాని అంశాలను వివరింపుము' అని ప్రశ్న వస్తుంది. దాని వెనకాలే గైడు వస్తుంది. రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసపడే కుర్రాడు కూడా డిస్టింక్షన్‌లో పాసవుతాడు.

నేను అడిగేది ఒక్కటే. గ్రౌండులో, గుట్ట మీద, నీళ్లలో నేర్వాల్సినదాన్ని అక్కడే నేర్పుదాం, అక్కడే పరీక్ష పెడదాం. నేర్పడానికి ఆ పని చేతనైనవాళ్లనే పిలుద్దాం.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన తర్వాత ఒక పొద్దున హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లి చూడండి. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన గ్రౌండు అది. చీకటితోనే జనం నిండిపోతారు. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలన్నారు. అంతకుముందు మూడేళ్లు బస్సులో వచ్చి బెంచీ మీద కూర్చుని వెళ్లిన పిల్లలు ఒక్కసారిగా రోజుకు నాలుగైదు కిలోమీటర్లు ఉరుకుతారు. రెండు మూడు వారాలకు మోకాలి కింద, ముందరి ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే 'అబ్బా' అంటారు. గ్రౌండులో దీన్ని షిన్ పెయిన్ అంటారు. దమ్ము తొందరగా పెరుగుతుంది, ఎముక మాత్రం ఆ దెబ్బలకు నెమ్మదిగా అలవాటు పడుతుంది. ఊపిరి సహకరిస్తోంది కదా అని ఇంకా ఉరుకుతారు. తర్వాత నొప్పి మాత్ర వేసుకుని ఉరుకుతారు. తీరా ఈవెంట్స్, అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షల నాటికి కాలు కింద పెట్టలేరు.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఆ 30 గంటలు నిజంగా జరిగి ఉంటే ఈ బాధ చాలామందికి ఉండేది కాదు. మొదట నడక, తర్వాత నడుస్తూ ఉరకడం, వారం వారం కొంచెం కొంచెం పెంచడం. బూటు అడుగు ఏ పక్క అరిగిందో తిప్పి చూసుకోవడం. ఇదే పాఠం. మార్కులు ఎలా వేయాలంటారా? 1968లో అమెరికా డాక్టర్ కెన్నెత్ కూపర్ ప్రచురించిన 12 నిమిషాల పరుగు పరీక్ష ఉంది. ఒక విజిల్, ఒక గడియారం ఉంటే చాలు. సెమిస్టర్ మొదట్లో ఎంత దూరం వెళ్లారు, చివర్లో ఎంత దూరం వెళ్లారు, ఆ తేడాకు మార్కులు వేయండి. పుట్టుకతో వేగం ఉన్నవాడికి, లావుగా ఉన్న పిల్లకు ఒకే గీత గీయవద్దు.

ఇక గుట్టల సంగతి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. చదివింది సర్కారు గురుకులంలో, తొలి శిక్షణ భువనగిరి గుట్ట మీద. మనకు రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉంది, ఆదిమానవుల బొమ్మలున్న రాళ్లు, నిటారు గోడలు. మన పిల్లలు అక్కడికి వెళ్లేది సెల్ఫీలకు.

తాడు పని నేర్పేవాళ్లు లేరంటారు. మన ఊళ్లలో లేరా? గీత కార్మికుణ్ణి ఒకసారి దగ్గర నుంచి చూడండి. మోకును, అంటే చెట్టెక్కే లావు తాడును, చెట్టు చుట్టూ తిప్పి నడుముకు వేసుకుంటాడు. వెనక్కి వాలి, బరువంతా మోకు మీద మోపి, కాళ్లను పైకి జరుపుతాడు. తర్వాత ఒంటిని చెట్టుకు దగ్గర చేసి, వదులైన మోకును పైకి ఎగరేస్తాడు. బరువు తాడు మీదున్నప్పుడు కాళ్లు, బరువు కాళ్ల మీదున్నప్పుడు తాడు. ఫిజిక్స్ సార్లు కూడా ఇంతకంటే బాగా చూపించలేరని నా నమ్మకం, ఏమీ అనుకోకండి. అయితే మోకు జారితే ఆపడానికి రెండో తాడు లేదు, అందుకే పడిపోయి నడుములు విరిగినవాళ్లు ఊరూరా ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే. మన క్లాసులో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపాలి. నడుము పట్టీకి ఎనిమిది అంకె ముడి ఎలా వేయాలి, కట్టుకున్నవాడు ఒకసారి, కింద తాడు పట్టేవాడు ఒకసారి చూడందే రాయి మీద కాలెందుకు పెట్టకూడదు, ఇవన్నీ చేతులతో నేర్వాలి.

యూజీసీ 2022లోనే 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఒక దారి తెరిచింది. పెద్ద డిగ్రీలు లేకున్నా అనుభవం ఉన్నవాళ్లను పిలవొచ్చు. అది రాసినవాళ్ల మనసులో కంపెనీ సీఈవోలు ఉండి ఉంటారు. మన మనసులో గీత కార్మికులు, చెరువుల మీద వల వేసే ముదిరాజులు, ఏటూరునాగారం అడవిలో దారి తెలిసిన కోయలు ఎందుకు ఉండకూడదు? గెస్టు లెక్చరర్‌కు ఇచ్చే రెమ్యూనరేషనే వాళ్లకూ ఇవ్వాలి. శాలువా కప్పి పంపితే కుదరదు.

ఈత గురించి ఒక్క మాట. అమెరికాలో ఎంఐటీ అనే పేరున్న టెక్నాలజీ యూనివర్సిటీ ఉంది కదా, మన పిల్లలు కలలుగనే చోటు. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ చేతికి రావాలంటే ఈత కూడా రావాలి, ఫిజికల్ ఎడ్యుకేషన్ కోర్సులు కూడా చేయాలి. విలువిద్య, కత్తిసాము, పిస్టల్, పడవ నడపడం నాలుగూ పూర్తిచేస్తే సరదాగా 'సముద్రపు దొంగ' అని సర్టిఫికెట్ కూడా ఇస్తారు! మన దగ్గర ఒకప్పుడు నడుముకు సొరబుర్ర కట్టి పిల్లల్ని వ్యవసాయ బావిలోకి దింపేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ బావులు ఎండిపోయాయి, వాటితో పాటే ఈతా పోయింది. ఇప్పుడు లక్నవరం, బొగత, గోదావరి రేవులకు బైకుల మీద వెళ్తున్నవాళ్లలో చాలామందికి నీళ్లలో తేలడం రాదు. ఈ ఒక్క కోర్సుకైనా ఎవరూ అడ్డు చెప్పకూడదు.

అమ్మాయిల తల్లిదండ్రులు ఒప్పుకోరని ముందే అనకండి. బట్టలు మార్చుకునే గది, నీళ్లొచ్చే టాయిలెట్, వెంట ఒక మేడం, చీకటి పడకముందు తిరుగు బస్సు. ఈ నాలుగూ ఉన్నాయని చెప్పి అడిగితే చాలామంది పంపుతారు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు, వాళ్లు పంపలేదా?

కాలం కూడా చూసుకోవాలి. వానల్లో రాయి జారుతుంది, మార్చి దాటితే మధ్యాహ్నం బండను ముట్టుకోలేం. గుట్టల పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పూర్తికావాలి. అడవిలోకైతే ఫారెస్టు వాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి. ఫస్ట్ ఎయిడ్ నేర్వని పిల్లవాణ్ణి బస్సే ఎక్కించవద్దు.

సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశం ముందు రెండు క్రెడిట్లకు, అరవై గంటలకు ముసాయిదా పెడుతున్నాను. అందులో రాత పరీక్ష లేదు. జవాబు పత్రాలు ఎక్కడ అని ఎగ్జామినేషన్ బ్రాంచ్ వాళ్లు తప్పక అడుగుతారు. అప్పుడు ప్రిన్సిపాల్ గారు నా పక్కన నిలబడాలని ఈ సభలోనే అడుగుతున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.