ఈ యూవీ టార్చ్ పాత గాజు పుట్టిల్లు చెబుతుందా?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, ఈ టార్చ్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులివ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఈ వీడియో చూశాక వాళ్ళకే అనిపించొచ్చు.

బ్యాటరీ ఎంత, బరువెంత, నీళ్ళలో పడితే ఏమవుతుంది, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఇది యూవీ టార్చ్, అంటే కంటికి దాదాపు కనిపించని అతినీలలోహిత కాంతి ఇచ్చేది. ఆ కాంతి తరంగం పొడవు 365 నానోమీటర్లు, ముందు నల్ల ఫిల్టర్. మనకి అంతవరకు చాలు.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఆదివారం పొద్దున్నే ఇక్కడ మైదానాల్లో కార్ బూట్ సేల్స్ పెడతారు. అందరూ కారు డిక్కీలు తెరిచి ఇంట్లో పాత సామాన్లు అమ్ముతారు. మా వారు వాటికి డిక్కీ సంత అని పేరు పెట్టారు. నేను వెళ్ళేది గాజు కోసం. ఫ్లవర్ వాజులు, బౌల్స్, పేపర్ వెయిట్లు. ఎవరు చేశారో, ఏ దేశానిదో అమ్మేవాళ్ళకే తెలియదు. అది కనిపెట్టడమే నాకు సరదా.

ఈ పిచ్చి ఇక్కడికొచ్చాక మొదలైంది కాదు. చిన్నప్పుడు గోలీ సోడా తాగేటప్పుడు సీసా మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు వేలితో తడుముతూ చదివేదాన్ని. ఆ సీసా పుట్టిల్లు కూడా ఇంగ్లండే, తెలుసా? 1872లో హైరమ్ కాడ్ అనే ఆయన దానికి పేటెంట్ తీసుకున్నారు. అది మన ఊళ్ళకొచ్చింది, నేను వాళ్ళ ఊరికొచ్చాను.

సరే, టార్చ్. లైట్లు ఆపుతున్నాను, చూడండి. ఈ పసుపు బౌల్ ఎలా వెలిగిందో! పచ్చిమిరపకాయ రంగు కూడా కాదు, రాత్రిపూట పెట్రోల్ బంక్ బోర్డులా మండిపోతోంది. ఇది యురేనియం గ్లాస్, అంటే రంగు కోసం కొంచెం యురేనియం కలిపిన గాజు. 1830ల్లో బొహేమియాలో, అంటే ఇప్పటి చెక్ ప్రాంతంలో, రీడెల్ కుటుంబం వాళ్ళు ఈ రంగు గాజుకి బాగా పేరు తెచ్చారు. నా పాత టార్చ్ 395 నానోమీటర్లది. దాంతో చూస్తే గది అంతా ఊదా రంగు పరుచుకుని వెలుగు సగం అందులోనే కలిసిపోయేది. దీంట్లో ఊదా దాదాపు కనిపించదు, గాజు మాత్రమే వెలుగుతుంది. ఈ ఒక్క విషయంలో కంపెనీ వాళ్ళకి దండం పెట్టొచ్చు.

కానీ ఇక్కడో చిక్కుంది. ఈ రెండోది చూడండి, మామూలు తెల్ల గాజు గ్లాసు. ఇది కూడా లేత ఆకుపచ్చగా వెలుగుతోంది కదా? యురేనియం కాదండీ. మాంగనీస్. ఇసుకలో ఉండే ఇనుము గాజుకి పచ్చదనం తెస్తుంది, దాన్ని పోగొట్టడానికి పాతకాలంలో మాంగనీస్ కలిపేవారు. 365 కింద అది నీరసంగా వెలుగుతుంది, 395 కింద దాదాపు వెలగదు. అందుకే యురేనియం అవునా కాదా అనేది తేల్చడానికి నేను రెండు టార్చ్‌లూ వాడుతున్నాను. కొత్త కోడలు వచ్చినా పాత అత్తగారు వంటింట్లోంచి కదలట్లేదు.

ఇప్పుడు అసలు కోపం. ఈ టార్చ్‌కి ఒకే బటన్. ఒకసారి నొక్కితే ఫుల్లు, రెండోసారి డిమ్ము, మూడోసారి టపటపా కొట్టుకుంటూ వెలుగుతుంది. ఆపాలంటే నాలుగోసారి నొక్కాలి. అంటే ఆపే ప్రతిసారీ ఆ టపటపా దాటాల్సిందే! మొన్న చారిటీ షాపులో, అంటే జనం దానంగా ఇచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్లో, మూల అరలో ఒక వాజు చూసి, ఎవరూ చూడకుండా చున్నీ చాటున టార్చ్ వేశాను. వెలగలేదు. ఆపుదామని నొక్కాను. అంతే, షాపులో పెళ్ళి ఊరేగింపు డీజే మొదలైంది. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ ఏమైందని లేచి వచ్చింది. ఆ సిగ్గుకి నాకు అక్కర్లేని టీ కప్పులు రెండు కొనుక్కుని బయటపడ్డాను. గాజు చూసే టార్చ్‌కి ఆ మోడ్ ఎందుకండీ? వాజు నా మీద దాడి చేస్తుందా?

ఇంకో కోపం డబ్బా మీది రాతలతో. ‘మీ గాజు ఎవరు తయారు చేశారో క్షణంలో తెలుసుకోండి’ అని రాశారు. తెలియదు. యురేనియం బొహేమియాలో వాడారు, ఇంగ్లండ్‌లో వాడారు, అమెరికాలో వాడారు, గాజుకి పేరుపడ్డ ఇటలీ దీవి మురానోలోనూ వాడారు. వెలుగు చెప్పేది గాజులో ఏం కలిపారనే. ఎవరు చేశారో తెలియాలంటే తిరగేసి అడుగు చూడాలి.

ఊదిన గాజుని చివర్లో అడుగున ఇనుప కడ్డీకి అంటించి పట్టుకుంటారు. పని అయ్యాక విరిచేస్తే అక్కడ మచ్చ పడుతుంది. పాంటిల్ మార్క్ అంటారు. నేను బొడ్డు అంటాను. కొందరు దాన్ని గరుకుగా వదిలేస్తారు, కొందరు గుంటలా అరగదీసి పాలిష్ చేస్తారు, కొందరు వేడిగా ఉన్నప్పుడే ముద్ర కొడతారు.

ఈ నీలం, ఇసుక రంగు కలిసిన వాజు నాకు ‘మదీనా’ అని చెప్పి అమ్మారు. మదీనా గ్లాస్ అంటే మాల్టా దేశంలో 1968లో మైకేల్ హ్యారిస్ మొదలుపెట్టిన కంపెనీ. రంగులు చూసి నేనూ నమ్మేశాను. ఇంటికొచ్చి తిరగేస్తే బొడ్డు దగ్గర మంట ఆకారంలో ముద్ర ఉంది. అది మాల్టాది కాదు! హ్యారిస్ 1972లో మాల్టా వదిలి వచ్చి, 1973లో ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో కొత్త స్టూడియో పెట్టారు. 1970ల్లో వాళ్ళు కొట్టిన ముద్ర అది. మనిషి ఒకరే, పనితనం ఒకటే, ఊరు వేరు. టార్చ్ వేసి గంటసేపు చూసినా ఆ ముక్క తెలిసేది కాదు.

అడుగున ఏమీ లేకపోతే? ఇదిగో ఈ చెట్టు బెరడు లాంటి వాజు. పేరు లేదు, ముద్ర లేదు. లండన్ వైట్‌ఫ్రయర్స్ కంపెనీ వాళ్ళు చాలావాటికి కాగితం లేబులే అంటించేవారు. ఒకసారి కడిగితే జాతకం పోయినట్టే. 1967లో జెఫ్రీ బాక్స్‌టర్ అనే డిజైనర్ నిజం చెట్టు బెరడుతో అచ్చులు చేయించి ఈ వరస తెచ్చారు. 1980లో ఫ్యాక్టరీ మూతపడింది. పాత కేటలాగుల్లో ప్రతి ఆకారానికీ నంబరు, ఎత్తు, రంగుల పేర్లు ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచి, రంగు కలిపి చూసుకోవాలి. ఎత్తు కుదిరి రంగు కుదరకపోతే నేను జేబులో చెయ్యి పెట్టను.

స్టికర్లని మాత్రం నమ్మకండి. మొదట్లో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మురానో స్టికర్ చూసి ఎర్ర వాజు కొన్నాను. స్టికర్ కొత్త నోటులా తళతళా ఉంది. అడుగు చూస్తే గీతలన్నీ ఒకే వైపు, గీత గీసినట్టు. నలభై ఏళ్ళు బల్లల మీద జరిగిన గాజుకి సన్నటి గీతలు అన్ని వైపులా, అదీ నేలకి ఆనే చోటే పడతాయి. ఇది ఎవరో ఉప్పు కాగితంతో రుద్దిన పాతదనం. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, ‘దీనికంటే మన ఊరి తిరనాళ్ళలో గాజు బొమ్మ నయం కదే’ అంది. నిజమే.

రాతలు ఉంటే కొంత నయం. ‘మేడ్ ఇన్ చెకోస్లొవాకియా’ అని ఉంటే 1918 తర్వాతిదే, అంతకు ముందు ఆ దేశమే లేదు. ఫ్రాన్స్ వాళ్ళ లాలిక్ గాజు మీద ఊరికే ‘లాలిక్’ అని కాక ముందు ‘ఆర్’ అక్షరం ఉంటే అది 1945లో రెనే లాలిక్ పోకముందుదని లెక్క. కానీ ఆ ‘ఆర్’ని తర్వాత కొత్తగా చెక్కి చేర్చేవాళ్ళూ ఉన్నారు, ధర పెరుగుతుందని. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గది ఈసారి నెమ్మదిగా చూడండి. మంచి సరుకు కంటికి అలవాటైతే చెడ్డది దానంతటదే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

ఇంతకీ కొనాలా? లైటుకి నేను పదికి తొమ్మిది ఇస్తాను. బటన్‌కి సున్నా. దీని ధరకి నా పాత 395 టార్చ్‌లు మూడు వస్తాయి. ఫ్రీగా వచ్చింది కాబట్టి ఇంట్లో వాడుకుంటాను. సొంత డబ్బులైతే కొనను. ఇదే 365, ఇలాగే ఫిల్టర్ ఉండి, ఒక నొక్కుకి వెలిగి రెండో నొక్కుకి ఆరిపోయేది దొరికితే అది తీసుకోండి. దాంతోపాటు పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక కొలత టేపు. నా బ్యాగులో ఎక్కువగా అరిగింది టేపే.

ఆ రోజు టార్చ్ వేసిన చారిటీ షాపు వాజు ఇదే. మర్నాడు వెళ్ళి కొనుక్కొచ్చాను, ఆ పెద్దావిడ నవ్వుతూ ప్యాక్ చేసి ఇచ్చింది. వెలగదు, పేరు లేదు, బొడ్డు మాత్రం అద్దంలా పాలిష్ చేసి ఉంది. మూడు వారాలుగా కేటలాగులు తిరగేస్తున్నాను. ఎత్తు 23 సెంటీమీటర్లు. ఇంకా ఎక్కడా కుదరలేదు.