కదిలే కుర్చీ కొంటే నడుము నొప్పి తగ్గుతుందా? నాలుగు రకాలు వాడి చూశాక నా రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియోని కూర్చుని చూస్తున్నవాళ్లు ఒక్కసారి అటూ ఇటూ కదిలి సర్దుకోండి. ఇప్పుడు మొదలుపెడదాం.

ఇవాళ్టి రివ్యూ 'యాక్టివ్ సీటింగ్' గురించి. కూర్చున్నా ఒళ్లు కదులుతూనే ఉండేలా చేసే సీట్లన్నమాట. గాలి నింపిన పెద్ద బాల్, అడుగు గుండ్రంగా ఉండి ఊగే స్టూల్, మోకాళ్ల మీద బరువు మోపే నీలింగ్ చైర్, మామూలు కుర్చీ మీద వేసుకునే గాలి కుషన్. నాలుగింటి మీదా కూర్చుని నా పని చేసుకున్నాను. నాది ఏళ్ల తరబడి డెస్క్ ముందు కూర్చున్న నడుము. పొద్దున్నే బాగుంటుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి పట్టేస్తుంది.

అసలు కూర్చుంటే నడుముకి ఏమవుతుంది? వెన్నుపూసల మధ్య డిస్కులుంటాయి కదా, పెద్దవాళ్లలో వాటి లోపలికి రక్తనాళాలు దాదాపు వెళ్లవు. పక్కనున్న ఎముకల నుంచి పోషకాలు మెల్లగా లోపలికి ఊరాలి. బరువు పడితే డిస్కులోంచి కొంత నీరు బయటికి పోతుంది, బరువు తగ్గితే మళ్లీ పీల్చుకుంటుంది. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే ఈ రాకపోకలు మందగిస్తాయి. నడుము కండరాలు కూడా విడుపు లేక బిగుసుకుపోతాయి.

ఇక్కడ మనందరికీ చిన్నప్పుడు చెప్పిన ఒక మాట గుర్తుచేసుకోవాలి: "నిటారుగా కూర్చో." 1999లో జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక వ్యక్తి డిస్కులో సెన్సర్ పెట్టి ఒత్తిడి కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్, కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27. ఒక్క మనిషి మీద చేసిన కొలతే అయినా, జారగిలబడటమే నడుముకి శత్రువని ఇన్నాళ్లూ నమ్మిన నాకు ఇది పెద్ద విషయం. నిటారుగా కూర్చున్నా సరే, కదలకుండా అలాగే ఉండిపోతే ఇబ్బందే.

ఇప్పుడు సీట్ల సంగతి. ముందు బాల్. మొదటి అరగంట చాలా హుషారుగా ఉంటుంది. ఆ తర్వాత వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు, నడుము అలిసిపోతుంది, తెలియకుండానే ముందుకి వంగిపోతాం. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు బాల్ మీదా, ఆఫీసు కుర్చీలోనూ గంటసేపు టైపింగ్ చేయించి పోల్చారు. బాల్ మీద కదలిక పెరిగింది, నడుము కండరాల పనీ పెరిగింది. కానీ వెన్ను కుంగడం, అంటే బరువుకి దాని పొడవు కొద్దిగా తగ్గడం కూడా ఎక్కువైంది. నా మాటగా చెప్తున్నాను, రోజంతా కూర్చోవడానికి బాల్ వద్దండి. వ్యాయామానికి వాడుకోండి.

నీలింగ్ చైర్ 1979లో నార్వేలో పుట్టింది. సీటు ముందుకి వాలి ఉంటుంది కాబట్టి తొడలకీ నడుముకీ మధ్య కోణం విచ్చుకుంటుంది, నడుము వంపు సహజంగా నిలబడుతుంది. నడుముకి హాయిగానే అనిపించింది కానీ నలభై నిమిషాలకి మోకాళ్ల కింద ఒత్తుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కాయి. మోకాళ్ల నొప్పులుంటే దీని జోలికి వెళ్లకండి. ఊగే స్టూల్ చిన్న చిన్న పనులకి బాగుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

నాకు నచ్చింది గాలి కుషన్. వెనక ఆనుకునే వీలు పోదు, అడుగున కొద్దిగా కదులుతూ ఉంటుంది, పని మీద ధ్యాస చెదరదు.

మరి నొప్పి తగ్గుతుందా? దీని గురించి వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2012లో ఒక సమీక్ష చేశారు. కదిలే సీటు ఒక్కటే నడుము నొప్పిని తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదు. కానీ 2021లో థాయిలాండ్ నుంచి మంచి అధ్యయనం వచ్చింది. నొప్పి వచ్చే ప్రమాదం ఎక్కువున్న ఆఫీసు ఉద్యోగులు దాదాపు 190 మందిని 6 నెలలు గమనించారు. కొందరిని తరచూ లేచి తిరిగేలా, ఇంకొందరిని కూర్చున్నచోటే భంగిమ మార్చేలా చేశారు. రెండు గుంపుల్లోనూ కొత్తగా నొప్పి మొదలైనవాళ్లు మిగతావాళ్ల కంటే చాలా తక్కువ. గమనించండి, ఇది నొప్పి రాకుండా ఆపడం గురించి. వచ్చిన నొప్పిని మాన్పడం గురించి కాదు. అమ్మేవాళ్లు ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే నొప్పితో ఉన్న మనిషి ఏది చెప్పినా కొనేస్తాడు.

నా విషయంలో కుషన్‌తో సాయంత్రం పట్టేయడం కొంచెం ఆలస్యమైంది, అంతే. అరగంటకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచి నాలుగడుగులు వేయడం మొదలుపెట్టాకే అసలు తేడా కనిపించింది. ముందు వారం రోజులు అది చేసి చూడండి, కుషన్ సంగతి తర్వాత.

ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, కాలు మొద్దుబారి పట్టు తగ్గుతున్నా ఏ కుర్చీ కొనాలా అని వీడియోలు వెతకకండి, డాక్టర్‌కి చూపించుకోండి. మూత్రం మీద అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.