అమ్మే ముందు సభకు చెప్పాలి

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక ఉత్తరం గురించి మాట్లాడతాను. దాన్ని పంపేది అమెరికా రక్షణ శాఖలో విదేశాలకు ఆయుధాల అమ్మకాలు చూసే ఏజెన్సీ. అందుకునేది వాళ్ళ కాంగ్రెస్. ఫలానా దేశానికి ఫలానా ఆయుధం, దాని వెంట ఫలానా సేవలు, ఇంత ఖరీదుకు అమ్మబోతున్నాం అని అందులో ఉంటుంది. 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టం ప్రకారం పెద్ద అమ్మకం ఏదైనా ఖరారయ్యే ముందే ఈ ఉత్తరం సభకు చేరాలి. నాటో దేశాలు, జపాన్, ఇజ్రాయెల్ లాంటి కొందరి విషయంలో 15 రోజుల గడువు. మనతో సహా మిగతా వాళ్ళకు 30 రోజులు. ఆ లోపు వద్దనుకుంటే సభ తీర్మానం పెట్టొచ్చు.

2019 జూలై 26న ఇలాంటివి రెండు బయటికొచ్చాయి. ఒకటి మన సి-17 రవాణా విమానాల నిర్వహణకు, 67 కోట్ల డాలర్లు. రెండోది పాకిస్తాన్ ఎఫ్-16 యుద్ధ విమానాల కోసం, 12.5 కోట్ల డాలర్లు. ఆ రెండో దాంట్లో కొత్త విమానం లేదు, కొత్త క్షిపణి లేదు. ఉన్నది మనుషులు. పాకిస్తాన్‌లో ఉండి ఎఫ్-16ల వాడకాన్ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే బృందానికి సుమారు 60 మంది కాంట్రాక్టు సిబ్బంది కావాలని రాశారు.

ఈ ఉత్తరం చదివాకే నాకు ఆయుధాల అమ్మకం అంటే ఏమిటో సరిగ్గా అర్థమైంది. మనం అనుకున్నట్టు విమానం అమ్మడం ఒక్కరోజు బేరం కాదు. ముప్పై నలభై ఏళ్ళ కాపురం. ఇంజను విప్పి మళ్ళీ బిగించాలి. సాఫ్ట్‌వేర్ మార్చాలి. విడిభాగాలు అందుతూ ఉండాలి. ఎయిర్‌బేస్‌లో గోడ ఎంత ఎత్తుండాలి, హ్యాంగర్‌లోకి ఎవరు వెళ్ళొచ్చు అనేది కూడా అమ్మినవాడే చెబుతాడు. ఇరాక్ 36 ఎఫ్-16లు కొంది. అవి బలద్ ఎయిర్‌బేస్‌లో ఉంటాయి. బేస్ మీద రాకెట్ దాడులు జరుగుతుండటంతో 2021 మేలో తయారీ కంపెనీ తన నిర్వహణ సిబ్బందిని అక్కడి నుంచి తీసుకెళ్ళిపోయింది. ఆ తర్వాత వాటిని ఎగిరే స్థితిలో ఉంచడానికి ఇరాక్ నానా తిప్పలు పడింది. అందుకే సభ నిఘా అమ్మకం రోజుతో ముగిస్తే లాభం లేదు. సర్వీసింగ్ కాగితం మీద కూడా ఉండాలి.

ఈ నిఘాకు ఎంత బలముందో చూడాలంటే మన పొరుగింటి కథే చాలు. 1985లో అమెరికా కాంగ్రెస్ ప్రెస్లర్ సవరణ తెచ్చింది. పాకిస్తాన్ దగ్గర అణు పేలుడు పరికరం లేదని అధ్యక్షుడు ఏటా రాసివ్వాలి, లేకపోతే సైనిక సాయం బంద్. 1990లో పెద్ద బుష్ అలా రాసివ్వలేకపోయారు. పాకిస్తాన్ డబ్బు కట్టిన ఎఫ్-16లు 28, అమెరికా దాటి కదల్లేదు. అరిజోనా ఎడారిలో డేవిస్-మోంథన్ బేస్ అని పాత విమానాలను పార్క్ చేసే చోటు ఉంది. ఎండకు పాడవకుండా విమానాల అద్దాల మీద తెల్లటి పూత పూసి వరసగా నిలబెడతారు. ఒక్కసారి కూడా యుద్ధానికి వెళ్ళని సరికొత్త ఫైటర్లు ఆ ఇసుకలో ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. న్యూజీలాండ్ వాటిని లీజుకు తీసుకుంటామంది. తర్వాత ప్రభుత్వం మారి వద్దనుకుంది. పాకిస్తాన్ కట్టిన డబ్బును మాత్రం కొంత నగదుగా, కొంత గోధుమలు వగైరాల రూపంలో తిరిగివ్వడానికి 1998లో ఒప్పుకున్నారు. డబ్బు పూర్తిగా కట్టేసిన సరుకును ఒక చట్టసభ రాసిన నాలుగు వాక్యాలు ఆపేశాయి. ఆ నాలుగు వాక్యాల కింద మన దేశ భద్రత కూడా ఉందని మర్చిపోకండి.

అలాగని కాంగ్రెస్ అన్నిసార్లూ గెలుస్తుందని చెప్పను. ఆ 30 రోజుల తీర్మానంతో ఒక్క అమ్మకాన్ని కూడా వాళ్ళు చివరిదాకా ఆపలేకపోయారు. 1981లో సౌదీకి అవాక్స్ అనే రాడార్ నిఘా విమానాల అమ్మకాన్ని ప్రతినిధుల సభ 301-111 తేడాతో కాదంది, సెనేట్ 52-48తో వదిలేసింది. 1983లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆపడం ఇంకా కష్టమైంది. ఇప్పుడు ఉభయసభలూ వద్దన్నా అధ్యక్షుడు వీటో చేయొచ్చు, దాన్ని తిప్పికొట్టాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 1986లో సౌదీకి క్షిపణులు అమ్మే విషయంలో వీటోను తిప్పికొట్టడానికి సెనేట్‌లో 66 ఓట్లు పడ్డాయి. కావలసినవి 67. ఒక్క ఓటు!

ఆ తక్కువైన ఓట్ల ఖరీదు ఎంతో యెమెన్‌లో చూశాం. 2018 ఆగస్టు 9న దహ్యాన్ అనే ఊరి బజారులో విహారయాత్రకు వెళ్తున్న పిల్లల బస్సు మీద, అక్కడ యుద్ధం చేస్తున్న సౌదీ నాయకత్వంలోని కూటమి బాంబు పడింది. 40 మంది పిల్లలు చనిపోయారు. యూనిసెఫ్ ఇచ్చిన నీలం రంగు స్కూలు బ్యాగులు రక్తంలో తడిసి ఉన్న ఫొటోలు నేనింకా మర్చిపోలేదు. ముక్కల మీది గుర్తుల్ని బట్టి అది అమెరికాలో తయారైన 227 కిలోల బాంబు అని విలేఖరులు తేల్చారు. ఆ కూటమి విమానాలకు అప్పట్లో గాల్లో ఇంధనం నింపుతున్నది కూడా అమెరికా ట్యాంకర్లే. సభలో, బయట ఒత్తిడి పెరిగి ఆ ఏడాది నవంబరులో ఇంధనం నింపడం ఆగింది. సేవ ఆగింది, అమ్మకం ఆగలేదు. 2019 మేలో ‘అత్యవసర పరిస్థితి’ అని చెప్పి 30 రోజుల గడువును పక్కనపెట్టి, సుమారు 810 కోట్ల డాలర్ల విలువైన 22 అమ్మకాలను ముందుకు తోశారు. వాటిలో కొన్నిటిని ఉభయసభలూ వద్దన్నాయి. ట్రంప్ వీటో చేశారు. తిప్పికొట్టడానికి సెనేట్‌లో ఓట్లు చాలలేదు.

మరి గెలవని ఈ పద్ధతి ఎందుకు అంటారేమో. ఎందుకో చెప్తాను. 2022 సెప్టెంబరులో పాకిస్తాన్ ఎఫ్-16ల నిర్వహణకు 45 కోట్ల డాలర్ల ఉత్తరం వెళ్ళింది. అది బహిరంగ పత్రం కాబట్టి వారం తిరిగేసరికి రాజ్‌నాథ్ సింగ్ అమెరికా రక్షణ మంత్రికి ఫోన్ చేసి అభ్యంతరం చెప్పగలిగారు. ఆ నెలలోనే వాషింగ్టన్‌లో ప్రవాస భారతీయుల సభలో జైశంకర్ గట్టిగా మాట్లాడారు. మనకు అమ్మేటప్పుడూ అంతే. 31 ఎంక్యూ-9బి డ్రోన్ల బేరం మీద సెనేట్ విదేశాంగ కమిటీ అప్పటి ఛైర్మన్ బెన్ కార్డిన్ నెలల తరబడి ప్రభుత్వాన్ని ప్రశ్నలడిగి, 2024 ఫిబ్రవరిలో గానీ ఒప్పుకోలేదు. అప్పుడు మనకు కోపం వచ్చింది. కానీ అడిగే హక్కు ఒక సభ్యుడికి ఉండటం తప్పు కాదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. మా అన్నయ్య కూతురు ఆదిభట్లలో ఏరోస్పేస్ కంపెనీలో పనిచేస్తుంది. ఉదయం ఆరున్నరకు బస్సెక్కుతుంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సి-130జె విమానాల తోక భాగాలు అక్కడే తయారవుతున్నాయి. ఆ పిల్లను చూసి ఇంటిల్లిపాదీ గర్వపడతాం. బ్రహ్మోస్ క్షిపణి హైదరాబాద్‌లో కూర్చబడి ఫిలిప్పీన్స్ వెళ్ళింది. భారత్ డైనమిక్స్ తయారు చేసే ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఆర్మీనియా వెళ్ళింది. 2023-24లో మన రక్షణ ఎగుమతులు 21,083 కోట్ల రూపాయలు, మరుసటేడు 23,622 కోట్లు. కొనే దేశం నుంచి అమ్మే దేశంగా మారుతున్నాం. అమ్మేవాళ్ళ బాధ్యత కూడా ఇప్పుడు మనదే.

మన దగ్గర ఎగుమతికి అనుమతి కార్యనిర్వాహక శాఖే ఇస్తుంది. ముందుగా పార్లమెంటుకు చెప్పాలనే చట్టం లేదు. రక్షణ స్థాయీ సంఘం బడ్జెట్ పద్దులు చూస్తుంది, కానీ ఎవరికి ఏ ఆయుధం అమ్మాలన్న అనుమతి దాని ముందుకు వచ్చి తీరాలన్న నియమం లేదు. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపాలని వేసిన పిటిషన్‌ను 2024 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశాంగ విధానంలో కోర్టు తలదూర్చలేదంది. ఆ మాట సరైనదే. కోర్టు పని కాకపోతే ఎవరి పని? మనం ఓటేసి పంపినవాళ్ళ పని కాదా?

రహస్యాలు బయటపడతాయని కొందరు మిత్రులు భయపడతారు. ఆ భయం నిజమైనదే. అమెరికాలో కూడా సున్నితమైన వివరాలు రహస్య పత్రంగా విడిగా వెళ్తాయి, పైకి కనిపించే ఉత్తరం క్లుప్తంగానే ఉంటుంది. మన రక్షణ స్థాయీ సంఘం కూడా తలుపులు వేసుకునే పనిచేస్తుంది. ఎవరికి, ఏమిటి, ఎన్నేళ్ళ సేవతో అమ్ముతున్నాం, వాళ్ళు దాన్ని ఎవరి మీద వాడకూడదు అన్న నాలుగు సంగతులు సంతకానికి 30 రోజుల ముందు ఆ గదిలోకి వెళ్తే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా అది నయం.

ఆర్మీనియాలో ఉన్న ఆకాశ్‌కు రేపు మరమ్మతు కావాలంటే ఆ కబురు వచ్చేది హైదరాబాద్‌కే. కంచన్‌బాగ్‌లో పనిచేసే ఏ ఇంజనీరో పెట్టె సర్దుకుని వెళ్ళొచ్చు. అక్కడ యుద్ధం రాజుకుంటే ఆ మనిషి ఉండాలా, వెనక్కి రావాలా? ఆ ప్రశ్న లోక్‌సభలో ముందుగా అడగాలని ఇవాళ్టికీ ఏ చట్టమూ చెప్పడం లేదు.