వెన్నులో చీము ఉంటే కత్తి పెట్టాల్సిందేనా?

నమస్కారం. వెన్ను టీబీ వచ్చిన ఇళ్లలో ఒక మాట మళ్లీ మళ్లీ వింటున్నాను. "ఎంఆర్ఐలో అంత చీము కనబడుతుంటే డాక్టరు ఉత్త మాత్రలు రాసి పంపేశాడండీ, ఆపరేషన్ చేసే చోటికి పోదాం." విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ ఉత్త మాత్రల వెనక సర్జన్లే ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఉంది.

దగ్గు లేకుండా టీబీ ఏంటి అనేవాళ్లకి ఒక్క ముక్క: క్రిమి రక్తంలో కలిసి ఎముకకి చేరుతుంది. ఎముకల టీబీలో దాదాపు సగం వెన్నులోనే.

చెదపట్టిన గుమ్మం చూసే ఉంటారు. పైన రంగు నిగనిగలాడుతుంది, వేలితో నొక్కితే లోపలికి దిగబడుతుంది. వెన్నుపూసలోనూ అంతే, క్రిమి ముందు భాగాన్ని నెమ్మదిగా తింటూ పోతుంది. మూడో వంతు ఎముక కరిగేదాకా మామూలు ఎక్స్‌రేలో పెద్దగా తెలియదు. అందుకే "ఎక్స్‌రే బాగానే ఉంది, డిస్క్ నొప్పి" అంటూ నెలలు గడిచిపోతాయి. రాత్రి నిద్ర లేపే నడుం నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఎంఆర్ఐ సంగతి మీరే అడగండి.

[స్క్రీన్‌పై: నడుము ఎంఆర్ఐ]

ఇదిగో, వెన్నుపూస పక్కన తెల్లగా ఉన్నది చీము. ఇది నడుం నుంచి తొడదాకా వెళ్లే సోయాస్ కండరం వెంట కిందికి జారి ఒక్కోసారి గజ్జల్లో గడ్డగా తేలుతుంది. ఎర్రబడదు, ముట్టుకుంటే వేడి ఉండదు. సెగగడ్డ అనుకుని కోయించుకుంటారు. గడ్డ గజ్జల్లో, జబ్బు నడుంలో!

ఇక కత్తి సంగతి. 1956లో హాంకాంగ్‌లో హాడ్జ్‌సన్, స్టాక్ అనే ఇద్దరు సర్జన్లు వెన్నుని ముందువైపు నుంచి తెరిచి, పాడైన ఎముకంతా తీసేసి, కొత్త ఎముక ముక్క అమర్చిన విధానాన్ని ప్రచురించారు. చెదపట్టిన చెక్క కోసేసి కొత్తది బిగించడమన్నమాట. ఫలితాలు గొప్పగా ఉన్నాయి. మరి అందరికీ ఇదే చేయాలా? బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కొరియా, హాంకాంగ్, మద్రాసు లాంటి చోట్ల రోగుల్ని బృందాలుగా విడదీసి ఏళ్ల తరబడి గమనించింది. కొరియాలోని మసాన్‌లో కొందరిని ఆరు నెలలు మంచం మీదే ఉంచారు, కొందరిని మొదటి రోజు నుంచే తిరగనిచ్చారు. అందరికీ మందులు ఇచ్చారు. పడుకున్నవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు! నాకు ఈ పరిశోధనంటే అందుకే ఇష్టం, అందరూ నమ్మినదాన్నే పరీక్షకి పెట్టింది.

హాంకాంగ్ ఆపరేషన్‌తో ఎముకలు తొందరగా అతుక్కున్నాయి, గూని తక్కువైంది, అది నిజమే. కానీ జబ్బు నయం కావడానికి చాలామందికి మందులే సరిపోయాయి. మన దేశంలో డాక్టర్ ఎస్.ఎం. తూలీ 1975లో మధ్యేమార్గం చూపించారు: ముందు మందులు, అవసరమైనవాళ్లకే కత్తి. చెదని చంపేది చెద మందు. కొత్త చెక్క ఎంత ఖరీదైనదైనా మందు కొట్టకపోతే దాన్నీ తినేస్తుంది. అందుకే ఆపరేషన్ అయినా, నొప్పి పోయినా మాత్రలు ఆపకూడదు. సాధారణంగా కనీసం ఏడాది: రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. వెన్నులో ఇన్ఫెక్షన్ అంతా టీబీ కాదు. స్టాఫ్ బ్యాక్టీరియా కావచ్చు, పచ్చి పాల నుంచి వచ్చే బ్రూసెల్లా అనే క్రిమి కావచ్చు. కాబట్టి సీటీలో చూస్తూ సూదితో నమూనా తీస్తారు. జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం సుమారు రెండు గంటల్లో టీబీనో కాదో, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో చెబుతుంది. సూది వద్దనకండి.

పిల్లల విషయం వేరు. మద్రాసు పరిశోధనలోని పిల్లల్ని కోయంబత్తూరు సర్జన్ ఎస్. రాజశేఖరన్ 15 ఏళ్లు గమనించి 2001లో ప్రచురించారు. జబ్బు నయమయ్యాక కూడా కొందరిలో గూని పెరుగుతూనే ఉంది. చెద చచ్చినా గుమ్మం ఒరిగే ఉంది కదా! ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలు తీయిస్తూ ఉండాలి.

ఇంకొక్కటి. గది ఈ మూల నుంచి ఆ మూలకి నడవలేనంతగా కాళ్లు పడిపోయినవాళ్లని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధనల్లో చేర్చుకోలేదు. మాత్రలు చాలన్న ఫలితాన్ని వాళ్లకి వర్తింపజేయకండి. నడకలో కాళ్లు తడబడినా, మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.