మీటరులో మైనస్ 850, టేపు కింద పగులు

అందరికీ నమస్కారం. గ్యాస్ లైను వెంట నడిచే సీపీ టెక్నీషియన్‌ని మీలో కొందరైనా చూసే ఉంటారు. సీపీ అంటే కాథోడిక్ ప్రొటెక్షన్, కరెంటు పంపి పాతిన పైపుని తుప్పు నుంచి కాపాడే పద్ధతి. పైపు నుంచి తీగ పైకి తెచ్చిన టెస్ట్ పోస్టు మూత తీస్తాడు, వోల్టేజిని పోల్చి చూసే హాఫ్ సెల్‌ని తడి మట్టిలో గుచ్చుతాడు, మల్టీమీటరు చూసి ‘మైనస్ 920’ అని రాసుకుని ముందుకెళ్తాడు. మైనస్ 850 మిల్లీవోల్టులు దాటితే ఇనుము భద్రంగా ఉన్నట్టు లెక్క. 1928లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో రాబర్ట్ కూన్ అనే ఇంజినీరు తన అనుభవంలోంచి చెప్పిన అంకె అది. తుప్పు వరకు మంచి లెక్కే, దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ రీడింగ్ ఎక్కడిదన్న దానితో.

పైపు ప్రమాదం అనగానే మనకి 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామం గుర్తొస్తుంది. అది వేరే జబ్బు. గ్యాసుతో వచ్చిన నీరు పైపుని లోపలి నుంచి తినేసింది. ఇవాళ చెప్పేది మట్టి వైపు నుంచి మొదలయ్యే పగులు గురించి. 1965 మార్చి 4న అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని నాకిటోష్ దగ్గర 24 అంగుళాల గ్యాస్ లైను పేలి 17 మంది చనిపోయారు. స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్, అంటే లాగే బలమూ చుట్టూ ఉన్న ద్రవమూ కలిసి తెచ్చే పగులు, భూమిలో పాతిన పైపుకీ వస్తుందని పరిశ్రమ గుర్తించింది అప్పుడే.

పగలడానికి ముందు లాగే బలం కావాలి. 24 అంగుళాల పైపు, గోడ మందం పావు అంగుళం, లోపల 54 బార్ల ఒత్తిడి అనుకోండి. గోడలో చుట్టూ లాగే బలం దాదాపు 260 మెగాపాస్కల్స్. ఎక్స్52 అనే రకం పైపు ఉక్కు సాగడం మొదలుపెట్టే హద్దులో ఇది 72 శాతం. అందుకే బీటలు పైపు పొడవునా వస్తాయి, పండిన దోసపండు నిలువునా విచ్చుకున్నట్టు.

ఇక ద్రవం సంగతి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాసేపు ఓపిక పట్టండి. కాథోడిక్ ప్రొటెక్షన్ అంటే ఉక్కుకి ఎలక్ట్రాన్లు పంపడం. ఉక్కు పైన ఉన్న నీరు, ఆక్సిజన్ వాటిని అందుకుంటే క్షారం పుడుతుంది. మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారంలో కరిగి కార్బోనేట్, బైకార్బోనేట్ అవుతుంది. సోడియం రూపంలో అయితే ఒకటి చాకలి సోడా, రెండోది మనం బజ్జీల పిండిలో వేసే వంట సోడా. పైపు మీద పూసిన కోల్‌టార్ కోటింగ్ లేచిపోతే దాని కింద ఈ సోడా నీళ్లు చిక్కబడతాయి. మనం పంపిన రక్షణే వండిన ద్రవమిది!

అయినా నిండుగా రక్షణ ఉన్నచోట పగులు రాదు. అసలు లేనిచోటా ఈ రకం రాదు. సుమారు మైనస్ 600 నుంచి మైనస్ 750 మధ్యలో ఉన్న కాస్త సందులోనే ఉక్కు రేణువుల సరిహద్దుల వెంట బీట నడుస్తుంది. కోటింగ్ చిల్లు దగ్గర మైనస్ 900 ఉన్నా, లేచిన పొర కిందకి పోయేకొద్దీ కరెంటు సన్నగిల్లుతుంది. ఎక్కడో ఒకచోట ఆ సందు తగులుతుంది. వేడి తోడైతే మరీ చేటు. గ్యాసుని ఒత్తి పంపే కంప్రెసర్ స్టేషనులో అది వేడెక్కుతుంది, అందుకే స్టేషను దాటాక మొదటి 20 కిలోమీటర్లలో ఇవి ఎక్కువ.

కెనడాలో కథ వేరు. అక్కడ కోటింగ్‌గా పాలిథిలిన్ టేపు చుట్టారు. పొడవాటి వెల్డు మీద టేపు గుడారంలా లేచి కింద నీరు చేరింది. ప్లాస్టిక్ కరెంటుని పూర్తిగా అడ్డుకుంది. సోడా పుట్టలేదు, పీహెచ్ 6, 7 దగ్గరే ఉంది, అయినా బీటలు వచ్చాయి, ఈసారి రేణువుల్ని చీల్చుకుంటూ. 1996లో జాతీయ ఇంధన బోర్డు విచారణ నివేదిక తేల్చింది: 1977 నుంచి 22 వైఫల్యాలు, వాటిలో 12 పేలి విచ్చుకున్నవి, 10 లీకులు. మీటరుకి ఇదేం తెలియదు. కరెంటు చేరిన ఇనుము మాటే అది చెబుతుంది.

మరి పైపుకి కరెంటు పంపే రెక్టిఫయర్ పెంచితే? కొరివితో తల గోక్కున్నట్టే. హైడ్రోజన్ పుట్టి, క్షారం పెరిగి, ఉన్న కోటింగూ ఊడుతుంది. కొత్త లైనుకైతే ఇసుక కొట్టి శుభ్రం చేసి ఫ్యూజన్ ఎపాక్సీ (వేడి పైపు మీద పొడి చల్లి కరిగించే కోటింగ్) వేయడం మంచిది. అది లేచినా కరెంటుని పోనిస్తుంది. పాత లైనులో మామూలు అయస్కాంత పిగ్ (పైపు లోపల నడిచి గోడని పరీక్షించే యంత్రం) ఈ సన్నని నిలువు బీటల్ని దాదాపు పట్టలేదు. నీళ్లు నింపి ఒత్తిడి పెంచి చూసే హైడ్రోటెస్టు, లేదా బీటల కోసమే చేసిన పిగ్ కావాలి.

ఎప్పుడైనా గొయ్యి తవ్వి కోటింగ్ విప్పాల్సి వస్తే, గుడ్డ పెట్టి తుడవకముందే కింద ఉన్న నీటిలో పీహెచ్ కాగితం ముంచండి. 9 దాటితే కరెంటు ఎంతో కొంత చేరినట్టు. 6, 7 దగ్గరుంటే మీ రక్షణ అక్కడికి చేరనే లేదు.