చాకు నడక, చాకు మాట

అందరికీ నమస్కారం. మీ ఇళ్లలో అడకత్తెర ఎవరికైనా గుర్తుందా? మా నానమ్మది ఇత్తడిది. దాని రెండు చేతులనూ కలిపి పట్టే మేకు, అంటే రివెట్టు, వదులైందని మా బాబాయి ఒకసారి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. ఇక అది తెరుచుకుంటే ఒట్టు! రెండు రోజులు నానమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ రివెట్టు గురించే అనుకోండి.

నేను సరదాగా చేసేవి ఇంగ్లండులోని షెఫీల్డ్ పద్ధతి మడత చాకులు. 1624లోనే అక్కడి కత్తుల పనివాళ్లకు పార్లమెంటు చట్టంతో ఒక సంఘం ఏర్పడింది. ఒక చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా పని చేసుకునేవాళ్లను అక్కడ 'లిటిల్ మెస్టర్' అంటారు. వాళ్లలో బాగా పేరున్న స్టాన్ షా 14 ఏళ్ల వయసులో పనిలో చేరి, 2021లో చనిపోయేనాటికి దాదాపు జీవితమంతా చాకులతోనే గడిపాడు.

ఈ చాకుకి లాకు ఉండదు. బ్లేడుని తెరిచినచోట, మూసినచోట పట్టి ఉంచేది వీపున ఉన్న స్ప్రింగు ఒక్కటే. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం కూడా వీటికి కలిసొచ్చింది. లాకు లేకుండా మడిచే చాకు, అంచు మూడు అంగుళాలు దాటకపోతే, మామూలుగా జేబులో పెట్టుకుని తిరగొచ్చు.

ఇక లోపలికి వెళ్దాం. స్ప్రింగు వెనక భాగం రెండు పిన్నులతో కదలకుండా బిగించి ఉంటుంది. ముందు కొస మాత్రం బ్లేడు మొదలు మీద గట్టిగా ఆనుకుని ఉంటుంది. తెరుస్తుంటే ఆ మొదలు స్ప్రింగుని పైకి నెడుతుంది, చివర్లో వదిలేస్తుంది. అప్పుడు వినిపించేదే 'టక్' అనే చప్పుడు. పాత పనివాళ్లు ఆ కదలికని చాకు నడక, ఈ చప్పుడుని చాకు మాట అంటారు. నడక నున్నగా ఉండాలి, మాట స్పష్టంగా ఉండాలి. నున్నగా ఉండి మాట్లాడని చాకు నాకు నచ్చదు. నా దృష్టిలో అది సగం చాకే.

నున్నదనం ఎక్కడి నుంచి వస్తుంది? నూనె నుంచి అనుకుంటారు చాలామంది. నూనె చివరి మాట. ముందు బ్లేడు తిరిగే పిన్ను కోసం వేసే రంధ్రం సరిగ్గా ఉండాలి. కాస్త చిన్నగా డ్రిల్లు వేసి, రీమరుతో పిన్నుకి సరిపోయేంత పెద్దది చేస్తాం. తర్వాత బ్లేడు మొదలు, స్ప్రింగు కొస, రెండూ ఒకదానిమీద ఒకటి జారే చోట ఆకురాయి గీతలు ఒక్కటి కూడా మిగలకూడదు. ఎమరీ కాగితంతో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. స్ప్రింగు మందం బ్లేడు మొదలు కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. లేకపోతే బ్లేడుకి అటూ ఇటూ ఉండే రెండు ఇత్తడి రేకులూ దాన్ని నలిపేస్తాయి. రివెట్టు కొట్టేముందు బ్లేడుకీ రేకుకీ మధ్య పలుచని కాగితం పెట్టి, కొట్టాక లాగేస్తారు. అది వదిలిన ఖాళీయే చాకుకి ఊపిరి. మా బాబాయికి ఈ కిటుకు తెలిసుంటే నానమ్మ అలిగేదే కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మొదటి చాకులో బ్లేడునీ స్ప్రింగునీ ఒకే వేడి దగ్గర పదును పట్టించాను. రెండూ ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పెట్టాను. ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వచ్చింది, సంబరపడ్డాను. నాలుగోసారి తెరిచేసరికి స్ప్రింగు మధ్యలో పుటుక్కుమంది. ఎండుగడ్డి రంగు బ్లేడుకి. స్ప్రింగుని ఇంకా పైకి, నీలి రంగు వచ్చేదాకా, సుమారు 300 డిగ్రీలకి తీసుకెళ్లాలి. కొంత గట్టిదనం పోతుంది, వంగే గుణం వస్తుంది. పుస్తకంలో చదివాను, అయినా తొందరపడ్డాను.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు భారతదేశపు 'వూట్జ్' ఉక్కుతో క్షౌరకత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసి, యూరప్‌లో దొరికే మేలైన ఉక్కు కన్నా ఇదే తనకిష్టమని తన వ్యాపార కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలూ చేశాడు. ఆ 'వూట్జ్' మన 'ఉక్కు' అనే మాట నుంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. మనం మూసలో కరిగించి తీసిన ఉక్కుతో కత్తులు చేశాం. తాటాకు మీద రాసే ఘంటానికి మడత చాకు జతచేసినవి కూడా దక్షిణాదిలో ఉండేవి. చేయి తిరిగిన కమ్మరికి ఇవాళ కూడా ఈ పని ఏమంత కొత్తగా అనిపించదు. అతనికి ఓపికే కాదు, కొనేవాడూ కావాలి.

చాలు, ఇక చేతులతో చూడండి. ఆ టేబుల్ మీద మూడు చాకులు పెట్టాను. బ్లేడు మీదున్న గోరు గాడిలో గోరు పెట్టి, చెవి దగ్గర పట్టుకుని నెమ్మదిగా తెరవండి. మూసేటప్పుడు వేళ్లు అంచుకి అడ్డం రానివ్వకండి. మూడింట్లో ఒకటి సగం దారిలో కొంచెం గరగరలాడుతుంది. అదేదో పట్టుకున్నవాళ్లు వచ్చి నాకు చెప్పండి, ఎమరీ కాగితం తెచ్చుకున్నాను.